తోడికోడలన్న ఇంగ్లీషు మాట

ఆ వేళ పొద్దున సోమయ్యగారింట్లో పాలు రెండు గిన్నెల్లో కాగాయి.

ఒకటి ఎప్పటి పెద్ద గిన్నె. రెండోది మూత కూడా కుదరని చిన్న స్టీలు గిన్నె. దాన్ని చిన్నకోడలు కల్పలత ఏ అటక మీద నుంచి దింపిందో తెలియదు. మెట్టుగూడలోని ఆ ఇంట్లో తోడికోడళ్ళిద్దరి మధ్య ఇన్నేళ్ళలో నడవని మాట లేదు, రాని అలక లేదు. అయినా పాలు మాత్రం ఎన్నడూ వేరుపడలేదు. పెద్దకోడలు సుమిత్ర ఆ చిన్న గిన్నె వంక చూసి, తన పొయ్యి మంట తగ్గించి ఊరుకుంది.

"నాకూ, భవానికీ, ఆయనకూ నేనే పెట్టుకుంటున్న అక్కా. నీకెందుకు తక్లీఫ్," అంది కల్పలత, పాలవైపే చూస్తూ.

"పాలు కాసుడు సుత తక్లీఫేనా?"

"ఆదివారం నుంచి ఎట్లైనా వేరే ఇంట్లనే కాసుకోవాలె కద. ఇప్పటి సంది అలవాటు చేసుకుంటున్న."

మల్కాజిగిరిలో ఫ్లాటు చూసుకున్నామని కల్పలత మొగుడు దయాకర్ నిన్ననే అన్నతో చెప్పాడు. ఆదివారం మంచి రోజట. అన్న హరికిషన్ "సరే, నీ ఇష్టం" అన్నాడట. ఆ ఇంట్లో మగవాళ్ళు పెద్ద పెద్ద సంగతులన్నీ ఇలాగే రెండు ముక్కల్లో తేల్చేస్తారు. మిగిలిందంతా వంటింట్లో తేలాలి.

"ఒక్క మాటకు ఇల్లే విడిచిపోతరా లతా?"

"ఒక్క మాటనా? మా చెల్లె పెండ్లి తప్పిపోయింది అక్కా."

"నేను అబద్ధం చెప్పిన్నా? ముందు అది చెప్పు. భవానికి ఇంతకుముందు నిశ్చయమై తప్పిపోయిన మాట నిజమా కాదా? ఇప్పటి పిల్లగాని తల్లి నా ఇంటికొచ్చి, నా ఎదురుంగ కూసోని అడిగింది. నేనేం చెప్పాలె?"

"తెల్వదు అనొచ్చు కద."

"తెల్వదంటనా!" సుమిత్ర చేతిలోని గరిటె గట్టు మీద పెట్టేసింది. "వాకబుకొచ్చినోళ్ళతోని తెల్వదు అంటే ఏమనుకుంటరో నీకు ఎరుక లేదా?"

ఆ మాట తీసిపారేయదగ్గది కాదు. సంబంధం ఖాయం చేసుకునే ముందు పిల్ల గురించి నలుగురినీ అడగడం మనలో ఉన్నదే. నచ్చిన పిల్లయితే అడిగిందే తడవుగా "బంగారం లాంటి పిల్ల" అంటారు. నచ్చకపోతే మాత్రం ఎవరూ నోరు విప్పి చెడు చెప్పరు. "మాకంతగా తెల్వదమ్మా" అంటారు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే పొయ్యి మీద వండుకుని తింటూ తెలియదన్నారంటే ఇంకేముంది! పిల్లలో చెప్పరానిదేదో ఉందని అవతలివాళ్ళు గుమ్మం దిగేలోపే తేల్చేసుకుంటారు. కాప్రా నుంచి వచ్చిన ఆ తల్లి అనసూయమ్మ మరీ గడుసుది. కల్పలత ఆఫీసుకూ, భవాని తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబుకూ పోయాక, మిట్టమధ్యాహ్నం చెప్పాపెట్టకుండా దిగింది. పిల్ల సంగతి పిల్ల అక్కనడిగితే ఏం తెలుస్తుంది, అక్క తోడికోడల్ని అడగాలి గాని!

"తెల్వదంటే పిల్లకు రోగమున్నదనుకుంటరు, ఇంకేమన్న సుత అనుకుంటరు," అంది సుమిత్ర. "అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పిన. ఆ పాత పిల్లగాడు లేని ఉద్యోగం ఉన్నదని అబద్ధం చెప్పిండు, మేమే ఒద్దన్నం, పిల్లది ఇందుల తప్పేం లేదు అని సుత చెప్పిన. ఒట్టు."

"మరి వాళ్ళెందుకు వెనక్కి పోయిండ్రు? మధ్యవర్తి పద్మనాభం బాబాయితోని ఏమన్నరు? మీ ఇంట్లోళ్ళే పాత సంగతి చెప్పిండ్రు, మాకు మనసొప్తలేదు అన్నరు. మీ ఇంట్లోళ్ళే! నువ్వు ఏం చెప్పినవో పక్కన పెట్టు. ఎట్ల చెప్పినవో నాకు తెల్వదా అక్కా? ఇన్నేండ్ల సంది నీ మాట వింటున్న."

"నిజం చెప్పినా తప్పేనా ఇగ?"

కల్పలత పొయ్యి కట్టేసింది. గొంతు పెంచలేదు. పెంచితే బాగుండేది, సుమిత్ర కూడా పెంచి ఉండేది.

"నిజం చెప్పుకుంట సుత మాలిషియస్ ఉండొచ్చు అక్కా. మా హెచ్.ఆర్.ల నేను రోజూ చూస్త. కంప్లైంట్ల ప్రతి ముక్కా నిజమే ఉంటది. కాని రాసినోని ఇంటెన్షన్ మాత్రం అవతలోన్ని ముంచుడే. దాన్ని మాలిషియస్ అనే అంటరు. మొన్న గదే అన్న, ఇయ్యాల సుత గదే అంటున్న."

గిన్నె పట్టుకుని తన గదిలోకి వెళ్ళిపోయింది.

అదిగో, ఆ మాట! మొన్న హాల్లో, మామగారి ఎదుట, మొగుడూ మరిదీ వింటుండగా మొదటిసారి అన్నది కూడా ఆ మాటే. తెలుగులో తిట్టి ఉంటే సుమిత్ర అక్కడికక్కడే నాలుగు అంటించి, సాయంత్రానికి చాయ్ పెట్టి ఇచ్చేది. అర్థం పూర్తిగా తెలియని తిట్టుకు ఎదురు ఏమనాలి? ఆ మాట మొన్నటి నుంచీ ఆమె గొంతులో అడ్డం పడి ఉంది. మింగుడు పడదు, బయటకు రాదు.

హరికిషన్ టిఫిను డబ్బా సర్దుకుంటున్నప్పుడు అడిగింది.

"మాలిషియస్ అంటే ఏందండీ?"

"గదా? ఫోన్ల వస్తది చూడు ఎర్రగ. ఈ యాప్ మాలిషియస్, తీసెయ్యి అని. వైరస్ అన్నట్టు."

"అంటే నేను వైరస్‌నా?"

"నిన్నెవరన్నరే?" అన్నాడు ఆయన. మొన్న హాల్లో కూర్చుని ఆ మాట చెవులారా విన్న మనిషి! "నేను ఫోను సంగతి చెప్తున్న." తను పనిచేసే లాలాగూడ వర్క్‌షాపుకు ఏనాడూ అంత తొందరగా బయల్దేరలేదు.

పక్కింటి రహమత్‌బీ కూతురు జన్నత్ డిగ్రీ చదువుతోంది. గోడ మీదుగా కరివేపాకు అడగడానికి వచ్చింది. సుమిత్ర రెండు రెమ్మలు తుంచి ఇస్తూ, మాటల్లో మాటగా అన్నట్టు అడిగింది.

"ఒక్క నిమిషం ఆంటీ," అని జన్నత్ ఫోను తీసి వెతికింది. "ఆ, ఇగో. కీడు తలపెట్టే... ద్వేషబుద్ధి గల... ఇంకోటి సుత ఉన్నది. అక్కసుతో కూడిన."

"అక్కసా?"

"గట్లనే ఉంది. ఎవరన్నరాంటీ?"

"ఎవరు లేరు బిడ్డా. టీవీల వచ్చింది."

జన్నత్ వెళ్ళిపోయింది. సుమిత్ర గోడ దగ్గరే నిలబడిపోయింది. కీడంటే ఆమె కాదు. ద్వేషమంటే అసలే కాదు. భవానిని ద్వేషించేదేముంది, నోట్లో నాలుక లేని పిల్ల! జనగామ నుంచి వచ్చి అక్క దగ్గర ఉంటోంది, తిన్న కంచం తనే కడుక్కుంటుంది. కానీ అక్కసు అనే మాట అలా కాదు. అది తెలియని మాట కాదు, తెలియని వస్తువూ కాదు.

లోపలికి వచ్చి బియ్యం కడుగుతుంటే చేతులు ఆడుతున్నాయి గాని మనసు అక్కడ లేదు.

పోయిన చలికాలం కల్పలత ఆఫీసు ఆడవాళ్ళు భోజనానికి వచ్చారు. సుమిత్ర తెల్లవారి లేచి బగారన్నం, వంకాయ కూర, చపాతీలు, డబుల్ కా మీఠా అన్నీ చేసింది. వడ్డిస్తుంటే వాళ్ళలో ఒకావిడ ఎంగిలి ప్లేటు ఆమె చేతికిచ్చి, మొహం వైపైనా చూడకుండా, "రెండు చపాతీలు వేడివి తెచ్చెయ్యమ్మా" అంది. కల్పలతతో "మీ వంటామె చెయ్యి చాలా బాగుంది" అని కూడా అంది. కల్పలత నవ్వింది. నవ్వి వేరే సంగతి ఎత్తుకుంది. వంటామె కాదు, మా అక్క అని ఒక్క మాట అనలేదు. సుమిత్ర వేడి చపాతీలు తెచ్చి వేసింది. ఆ రోజు ఎవరితోనూ ఏమీ అనలేదు. ఆ తరువాత కూడా అనలేదు. అననందుకే అది చల్లారలేదు.

పప్పు పొయ్యి మీద పెట్టి, మామగారికి చాయ్ తీసుకుని వరండాలోకి వెళ్ళింది. సోమయ్య రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ తప్పు చేసిన సిబ్బంది మీద చార్జిషీట్లు తయారుచేసే సెక్షన్ చూశాడు. మాట కొలిచి మాట్లాడతాడు. పేపరు మడిచి గ్లాసు అందుకున్నాడు.

"మామయ్యా, ఒక మాట అడగాలె."

"మాలిషియస్ గురించా?"

సుమిత్ర ఉలిక్కిపడింది.

"మొన్నటి సంది ఎప్పుడడుగుతవా అని చూస్తున్న బిడ్డా. వీధంత తిరిగి నా దగ్గరికొచ్చినవ్." ఆయన ఒక గుక్క తాగాడు. "మా ఆఫీసుల ఆ మాటను నేను శాన సార్లు కొట్టేసిన. పై ఆఫీసరుకు కోపమొస్తే, ఫలానా మనిషి మాలిషియస్‌గ చేసిండు అని రాస్తుండె. నేను పోయి, సార్, చేసిండు అని రాద్దాం, చేసింది చూపెట్టొచ్చు. మాలిషియస్ అని రాస్తే ఆ మనిషి లోపల ఏమున్నదో చూపెట్టాలె, ఎట్ల చూపెడ్తం అనేటోన్ని. ఆయన తిట్టుకుంటనే కొట్టేసేటోడు."

"అయితె లత అన్నది తప్పే కద మామయ్యా? ఆమె నా లోపలికొచ్చి చూసిందా?"

"చూడలే. ఆమె అనొద్దు."

సుమిత్రకు ప్రాణం లేచొచ్చింది. "ఆ మాట మీరు ఆమెతోని అనకపోతిరి! ఆ రోజు అందరి ముంగట..."

"ఏమని అనాలె?" సోమయ్య గ్లాసు కింద పెట్టాడు. "అనసూయమ్మ వచ్చిన రోజు నేను పక్క గదిల పండుకొని ఉన్న. కరెంటు లేకుండె, ఫ్యాను లేకుండె. మీ మాటలన్నీ వినబడ్డయి. నువ్వు నిజమే చెప్పినవ్, ఇంటి పరువు తీసే మాట ఒక్కటి చెప్పలే. ఆ మాట అందరితోని చెప్పొచ్చు. కాని ఆఖరున, గుమ్మం దగ్గర నువ్వన్నది సుత చెప్పాలె కద."

వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేయబోయి, అది కాక, నడిపించుకుంటూ పోయారు.

గుమ్మం దగ్గర జరిగింది పెద్ద కథేం కాదు. చెప్పులు వేసుకుంటూ అనసూయమ్మ వెనక్కి తిరిగి, "అయితె చేసుకోవచ్చంటవా అమ్మా?" అంది. "బంగారం లాంటి పిల్ల" అంటే అయిపోయేది. అది నిజం కూడా. సుమిత్ర మాత్రం, "మీ ఇష్టమమ్మా. జెర మంచిగ ఆలోచించుకోండ్రి," అంది. తెలియని వాళ్ళకు అది పెద్దరికపు మాటలా వినిపిస్తుంది. వాకబులో ఆ మాటకున్న అర్థం ఒకటే, చేసుకోవద్దని. అనసూయమ్మకు తెలుసు, సుమిత్రకూ తెలుసు. పక్కగదిలో పడుకున్న పెద్దాయనకూ తెలుసు.

"నోరు జారింది మామయ్యా," అంది సుమిత్ర.

సోమయ్య మళ్ళీ గ్లాసు అందుకున్నాడు.

"మీరు నమ్ముతలేరా?"

"నేను నమ్ముడేంది బిడ్డా? లోపల ఏమున్నదో నీకొక్కదానికే ఎరుక."

ఆ మెత్తని మాటకు సుమిత్ర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు. నోరు జారలేదు. అనేముందు ఆగింది. ఆగి, ఆ ఎంగిలి ప్లేటు గుర్తు చేసుకుని మరీ అంది. అన్న తరువాత లోపల చల్లగా అనిపించింది కూడా. ఆ చల్లదనం అరగంటైనా ఉండలేదు, అది వేరే సంగతి.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటరు?"

"నేనేం చెప్పాలె? నేను రిటైరైన," అని సోమయ్య మళ్ళీ పేపరు విప్పుకున్నాడు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక సుమిత్ర చీర మార్చుకుంది. ఆ వేళ ఇంటి నుంచే పని చేస్తున్న కల్పలత గదిలో తలుపు వేసుకుని ఆఫీసు మీటింగులో ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఆధార్ కార్డు చూపించి ఈసీఐఎల్ బస్సులో ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తీసుకుంది. దారి పొడుగునా అనసూయమ్మతో అనాల్సిన మాటలు కూర్చుకుంది. అన్నీ కూర్చాక చూస్తే అందులో తన తప్పు ఎక్కడో అడుగున పడింది. మళ్ళీ మొదటి నుంచి కూర్చుకుంది.

కాప్రా చెరువు వెనకవీధిలో, కింద కిరాణా కొట్టు ఉన్న ఇల్లు అనసూయమ్మది. తలుపు తీసి సుమిత్రను చూడగానే ఆమె మొహం ఎలాగో అయింది.

"మీరా? రాండ్రి, రాండ్రి. చాయ్ పెడ్త."

"చాయ్ ఒద్దమ్మా. ముందు నేను చెప్పేది వినుండ్రి, మల్ల నాకు ధైర్యం సరిపోదు." సుమిత్ర సోఫా అంచున కూర్చుంది. "ఆ రోజు మీరు పోయేటప్పుడు నేను, మంచిగ ఆలోచించుకోండ్రి అన్న. గుర్తున్నదా?"

"ఉన్నది."

"ఆ మాట కావాలని అన్న. పిల్లల ఏ లోపం లేదు. పిల్ల బంగారమే. నాకు పిల్ల అక్క మీద కడుపుల ఒకటి ఉండె. దాన్ని పిల్ల మీద తీసిన. ఇంట్ల నన్ను ఒక ఇంగ్లీషు మాట అన్నరు. ఆ మాట నాకు సరిగ్గ సరిపోతదమ్మా. మీరు నా మీద కోపం చేస్తే చెయ్యుండ్రి. పిల్లను మాత్రం ఒద్దనకుండ్రి. మీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంట."

అనసూయమ్మ లేచి వచ్చి పక్కన కూర్చుంది. చాలాసేపు తన గాజులు సవరించుకుంది. చెప్పాలా వద్దా అని ఆమె కొట్టుకుంటోందని చూస్తేనే తెలుస్తోంది.

"మీ మాట మీద మేం ఒద్దనలేదమ్మా," అంది చివరికి.

"మరి?"

"ఆ రోజు మీ ఇంట్లకెళ్ళి వచ్చినంక నేను, మా ఆయన కూసోని మాట్లాడుకున్నం. తోడికోడలు అట్లనే అంటది, అది పట్టించుకునేదేంది అన్నడు మా ఆయన." అనసూయమ్మ కొంచెం నవ్వింది, నవ్వి ఆపేసింది. "ఏమనుకోకుండ్రి. పిల్ల మాకు నచ్చింది. శుక్రవారం పూలు పండ్లు తీసుకొని రావాలనుకున్నం. తెల్లారి ఆ పిల్లనే మా వానికి ఫోన్ చేసింది."

"ఎవరు, భవానా?"

"భవానే. నాకిష్టం లేదు, మా ఇంట్ల చెప్పే ధైర్యం లేదు, మీరే ఒద్దన్నట్టు చెప్పుండ్రి అని ఏడ్చిందంట. మావాడు మంచోడమ్మా. సరే అన్నడు. మరి ఒద్దనాలంటే ఏదో ఒక కారణం చెప్పాలె కద. మీ మాట చేతికందే తీరుగ ఉండె." ఆమె సుమిత్ర చేయి పట్టుకుంది. "మీ ఇంట్ల ఇంత లొల్లయితదని నాకు తెల్వదు. ఈ సంగతి ఎవరికి చెప్పనని ఆ పిల్లకు మాటిచ్చిన. మీరింత దూరం వచ్చి మీ తప్పు ఒప్పుకుంటుంటే నాకు మనసాగలే. మీ కడుపుల పెట్టుకోండ్రి."

ఆ తరువాత ఆమె పెట్టిచ్చిన చాయ్ సుమిత్ర తాగిందో లేదో తనకే తెలియదు. తిరుగు బస్సులో సీటు దొరికినా కూర్చోవాలని తోచలేదు. మొదట భుజాల మీది బరువంతా ఎవరో దించినట్టయింది. తన వల్ల పోలేదు! ఇంటికి వెళ్ళి ఒక్క మాట చెబితే చాలు. కల్పలత ఆ ఇంగ్లీషు మాట వెనక్కి తీసుకోవాల్సిందే, అందరి ముందూ తీసుకోవాల్సిందే. మల్కాజిగిరి ఫ్లాటు మల్కాజిగిరిలోనే ఉండిపోతుంది. మౌలాలి దాటేదాకా ఆ సంతోషంలోనే ఉంది.

దాటాక మెల్లగా అనుమానం మొదలైంది. ఆ ఒక్క మాట చెబితే భవాని గతేం కావాలి? పిల్ల నోరు విప్పి అక్కకే చెప్పుకోలేకపోయింది. చెప్పబోయేది నిజమే. ఆ రోజు అనసూయమ్మకు చెప్పింది కూడా నిజమే. ఇప్పుడు చెబితే ఎందుకు చెప్పినట్టు? పిల్ల మంచి కోసమా, తను గెలవడం కోసమా? ఈ ప్రశ్న తనను తాను వేసుకోవాల్సిన రోజొకటి వస్తుందని సుమిత్ర ఎన్నడూ అనుకోలేదు. జన్మలో మొదటిసారి నిజం చెప్పాలంటే భయమేసింది.

ఇంటికొచ్చేసరికి హాలు నిండా అట్టపెట్టెలు. కల్పలత స్టీలు సామాను సర్దుతోంది. భవాని ల్యాబు నుంచి వచ్చినట్టుంది, కింద బాసిపట్లు వేసుకుని గాజు గ్లాసులకు పేపరు చుడుతోంది.

"ఎక్కడికి పోయినవక్కా? ఫోను సుత ఇంట్లనే ఇడిచిపెట్టినవ్. మామయ్య పరేషానయిండు."

"కాప్రా పోయిన."

పేపరు చుడుతున్న భవాని చేతులు ఆగిపోయాయి. తల ఎత్తలేదు.

"వాళ్ళింటికా?" కల్పలత నిలబడింది. ఎంత దాచుకున్నా ఆమె గొంతులో ఆశ దాగలేదు. "ఏమన్నరక్కా? ఏమన్న మాట కలిసిందా?"

సుమిత్ర ఇద్దరి వంకా చూసింది. పొద్దున నుంచి ఆ గుండెకు ఎన్ని దెబ్బలు తగిలాయో, దానికే తెలియాలి.

"వాళ్ళ మాట వాళ్ళ దగ్గర ఉండనీ. నా మాట చెప్త, విను. నిజం చెప్పిన అన్న కద పొద్దున. నిజమే చెప్పిన. కాని ఆఖరున, మంచిగ ఆలోచించుకోండ్రి అని సుత అన్న. నోరు జారి అనలే లతా. తెలిసే అన్న."

కల్పలత ఒక గిన్నెకు మూత పెట్టబోయి ఆగింది.

"ఎందుకక్కా?" అంది చిన్నపిల్లలా.

"మీ ఆఫీసోళ్ళు అన్నానికొచ్చిన నాడు నన్ను వంటామె అన్నరు. ఎంగిలి ప్లేటు చేతికిచ్చిండ్రు. నువ్వు నవ్వినవ్."

"ఎప్పుడు? ఏ ప్లేటక్కా?"

నటన కాదు. నిజంగానే గుర్తులేదు. సుమిత్ర ఇన్ని నెలలు పొదువుకుని దాచుకున్న ఆ సంగతి కల్పలత దగ్గర జరిగినట్టే లేదు. ఆ సంగతి తెలిసిన క్షణాన సుమిత్రకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

"పోనియ్యి. నువ్వన్న ఇంగ్లీషు మాట ఉన్నది చూడు, దాని అర్థం ఇయ్యాల అందర్ని అడిగిన. నువ్వు తప్పేం అనలే. సరిగ్గనే అన్నవ్."

కల్పలత చేతిలోని మూత అట్టపెట్టెలో జారవిడిచింది.

"కాదంటవనుకున్నక్కా," అంది, కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే తుడుచుకోకుండా. "గట్టిగ తిడ్తవనుకున్న. నువ్వు తిడితే, కోపంల అన్ననక్కా అని చెప్పి ఆ మాట వాపస్ తీసుకుందామని చూస్తున్న మొన్నటి సంది. నువ్వేందక్కా, అవునంటవ్? అవునంటే ఇగ నేనేం చెయ్యాలె?"

సుమిత్ర చేయి చాపింది. కల్పలత ఆ చేయి వంక చూసి, పట్టుకోకుండా గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. లోపల బీరువా తెరిచిన చప్పుడు, దయాకర్‌తో ఫోనులో మాట్లాడుతున్న గొంతు వినిపించాయి. "ఆదివారమే. ఔను, పక్కా."

హాల్లో సుమిత్రా, భవానీ మిగిలారు.

"పెద్దక్కా," అంది భవాని గొంతు తగ్గించి. "ఆమె మీకు చెప్పిందా?"

"చెప్పింది."

"అక్కతోని అనకుండ్రి."

"ఇప్పుడు అన్లే కద బిడ్డా, నీ ముంగటనే. నువ్వెందుకు ఒద్దన్నవో నేనడగ. కాని మీ అక్క చూసినవా, ఎట్ల ఏడుస్తుందో? నువ్వు లోపలికి పోయి ఒక్క మాట చెప్పు. నేను పక్కన నిలబడ్త. నిన్ను ఒక్క దెబ్బ కొట్టనియ్య."

భవాని తల అడ్డంగా ఊపింది. భయంగా ఊపలేదు. ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నట్టు, నిదానంగా ఊపింది.

"ఆదివారం సాయంత్రం నేనే చెప్త పెద్దక్కా. అందరికి చెప్త. అప్పటిదాక ఆగుండ్రి."

"సాయంత్రమా! సామాన్ల బండి పొద్దుగాల్నే వస్తది పిల్లా. సాయంత్రానికి ఈ ఇంట్ల ఇగ మీరెవరుంటరు? అన్నదమ్ములు వేరుపడిపోతరు."

"తెలుసు," అంది భవాని. "ఇప్పుడే చెప్తే అక్క ఇగ వేరే పోదు, గందుకే సాయంత్రం." అని, ఇంకో గ్లాసు అందుకుని పేపరు చుట్టసాగింది.